ఊరు దాటే డిస్కుకు బొట్టు

ప్రత్యేక రాష్ట్రం కోసం చేసిన సమ్మె రోజులంటే అందరికీ రైలు పట్టాలూ, రోడ్ల మీద వంటలూ గుర్తొస్తాయి. నాకు మాత్రం బియ్యం డబ్బా పక్కన కూర్చుని సీడీలు తుడుస్తూ మొగుడితో ఫోన్లో పోట్లాడిన రోజులు గుర్తొస్తాయి. ఏం చేస్తాం, ఎవరి ఉద్యమం వాళ్ళది.

మా ఇల్లు తొర్రూరులో. అప్పటికి తొర్రూరూ, జనగామా, భూపాలపల్లీ అన్నీ ఒకే జిల్లా. నేను ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఒక తండా బడిలో టీచర్ని. మా ఆయన జనగామలో జూనియర్ కాలేజీ లెక్చరర్. వారమంతా అక్కడే ఒక గదిలో ఉండి శనివారం సాయంత్రం బస్సుకు ఇంటికి వచ్చేవారు. ఇంట్లో ఉండేది నేనూ, మా అత్తమ్మా. సమ్మె మొదలయ్యాక బళ్ళు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, ఆయన జనగామలోనే ఉండిపోయారు. అక్కడి దీక్షా శిబిరం బాధ్యత తన మీద పడిందని ఆయన అన్నారు. వడ్లు పట్టించే బాధ్యత తప్పించుకున్నారని నేను అన్నాను.

కంప్యూటర్ కొని అప్పటికి రెండేళ్ళు. దానికి వంటింటి గోడ పక్కన, బియ్యం డబ్బాకు ఆనుకుని చోటు దొరికింది. అత్తమ్మ దాని మీద పూలు కుట్టిన గుడ్డ ఒకటి కప్పి ఉంచేది. నేను పని చేసుకోవాలంటే ముందు ఆ గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆమె చూపించిన మేకుకే తగిలించాలి. లేకపోతే "టీచరైతే ఏంది, మడత వెట్టరాదు" అనే మాట రోజంతా నా వెనక తిరిగేది.

మా వాడలో సీడీలు రాసే కంప్యూటర్ మాదొక్కటే. అందుకని శిబిరం పని నా నెత్తి మీద పడింది. బస్టాండు ముందర వేసిన టెంటులో రోజుకొకరు దీక్షకు కూర్చునేవారు. ఒకరోజు మంగలి కత్తెరలు రోడ్డు మీదికి వచ్చేవి, ఒకరోజు ఇస్త్రీ పెట్టెలు, ఒకరోజు కుట్టు మిషన్లు. ఎవరి వంతు వచ్చిన రోజు వాళ్ళు తమ పని అక్కడే చేసి చూపించాలి. ఫోటో స్టూడియో ఆయన అదంతా వీడియో తీసి మధ్యాహ్నానికి నాకు తెచ్చి ఇచ్చేవాడు. నేను దాన్ని సీడీలో రాసి సాయంత్రం కేబుల్ ఆఫీసులో ఇస్తే, రాత్రి అన్నాల వేళకు ఊరంతా టీవీలో చూసుకునేది. ఇంకో సీడీలో అప్పుడప్పుడు పాటలు రాసి జనగామ శిబిరానికి పంపేదాన్ని.

రోజుకో కొత్త సీడీ ఎక్కడి నుంచి తేవాలి, దుకాణాలే మూసి ఉంటే? నా దగ్గర నాలుగు రీరైటబుల్ సీడీలు ఉండేవి. రాసింది చెరిపి మళ్ళీ రాసుకునే రకం, అంటే మా బడిలో పలక లాంటివి. వాటి మీద మార్కర్‌తో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేసుకున్నాను. నాలుగోది కేబుల్ ఆఫీసుకు, మిగతా మూడూ జనగామ పోయి వస్తుండేవి.

పలక అన్నాను గానీ, పలక ఇంత సతాయించదు. ఒక్కోసారి చెరిపాను మొర్రో అన్నా సాఫ్ట్‌వేర్ "డిస్కు ఖాళీగా లేదు" అనేది. ఒక్కోసారి అంతా రాశాక చివర డిస్కును మూసివేయడం మరిచిపోయేదాన్ని. అలా మూయని సీడీ మా ఇంట్లో ఆడుతుంది, బయట ఎక్కడా ఆడదు. ఫైలు పేరు తెలుగులో పెడితే టీవీలో డబ్బాలు డబ్బాలుగా కనబడేది. వీటన్నిటికీ మించింది కరెంటు. భూపాలపల్లి బొగ్గు బావుల్లో పనివాళ్ళు కూడా సమ్మెలో ఉన్నారు, బొగ్గు లేక గంటలకు గంటలు కోత. రాస్తుండగా కరెంటు పోతే డిస్కు ఖాళీ అనీ చెప్పదు, నిండు అనీ చెప్పదు. మొదటి నుంచీ మొత్తం చెరిపితే తప్ప దారికి రాదు. అత్తమ్మ సొంత తమ్ముడు అక్కడ బావిలో పని చేస్తాడు. నేను కరెంటును తిట్టినప్పుడల్లా ఆమె "మా తమ్ముడు బొగ్గు దీస్తలేడు గద, ఇగ నీ డబ్బా ఎట్ల నడుస్తది" అనేది. ఆ గొంతులో బాధ ఏమీ ఉండేది కాదు, తమ్ముడి చేతిలో ఇంత ఉందా అన్న మురిపెం ఉండేది.

జనగామకు సీడీ తీసుకుపోయేది పాల వ్యాను. బస్సులు బందైనా పాలు ఆగలేదు. తెల్లారకముందే ఆ వ్యాను మా వాకిట్లో హారన్ కొట్టేది. బడి లేకపోయేసరికి నేను ఆరింటిదాకా నిద్రపోయేదాన్ని. రాత్రే సీడీని కాగితం కవర్లో పెట్టి గూట్లో ఉంచితే, నాలుగింటికే లేచే అత్తమ్మ దాన్ని డ్రైవర్ చేతికి ఇచ్చేది. అతను జనగామలో పాల కేంద్రం పక్కనున్న చాయ్ హోటల్లో ఇస్తే, మా ఆయన తీసుకునేవారు. నాలుగు రోజులకు అదే దారిన తిరిగొచ్చేది, దారి దుమ్మేనని సరిగా చూడకుండానే తుడిచి మళ్ళీ రాసేదాన్ని.

సమ్మె మొదలైన మూడో వారంలో మా వాడ ఆడవాళ్ళ వంతు వచ్చింది. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి జొన్న రొట్టెలు చేద్దామన్నారు. జొన్న రొట్టె అంటే మా అత్తమ్మను మించినవాళ్ళు లేరు, కనుక ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఆమె నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. ఇంట్లో నన్ను అనే మాటలు రాసుకుంటే నాలుగు సీడీలు చాలవు, బయట మాత్రం మౌనవ్రతం. మా పెళ్ళిలో మా వాళ్ళు ఎంత పలకరించినా తలే ఊపింది. ఈ మనిషికి మాటలు రావేమో అని మా అమ్మ నన్ను పక్కకు పిలిచి అడిగింది కూడా.

ఆరోజు మధ్యాహ్నం పాటలయ్యాయి, ఉపన్యాసాలయ్యాయి. చివరకు పెద్దామె నాలుగు మాటలు చెప్పాలని ఎవరో మైకు తెచ్చి ఆమె ముందు పెట్టారు. చేతినిండా పిండి, మైకు ఎట్లా పట్టుకుంటుంది? నేనే పట్టుకున్నాను. ఎట్లాగూ తల అడ్డంగా ఊపుతుంది, వెంటనే తీసేయొచ్చు అనుకున్నాను.

"గీ రొట్టె మాడితె నన్ను అనకుండ్రి, మైకును అనుండ్రి" అంది అత్తమ్మ. అందరూ నవ్వారు. ఆమె రొట్టె తట్టడం ఆపకుండానే మాట్లాడసాగింది. నీళ్ళ గురించి చెప్పింది, చెరువు గురించి చెప్పింది, తరువాత ఎవరూ అడగని మాట ఎత్తుకుంది.

"నా కొడుకు ఇంటర్ల ఉన్నప్పుడు గటు కోస్త దిక్కు దూరం కాలేజీల జేర్పిచ్చినం. బువ్వ మంచిగ లేదని ఉత్తరం రాసిండు. అప్పాలు జేస్కొని పోయిన. హాస్టల్ మెట్ల కాడ నిలవడి, మంచిగున్నవా బిడ్డా, గిట్ల సిక్కిపోయినవేంది అన్న. గక్కడ ఉన్న పోరగాండ్లు నా మాటలనే మల్ల అనుకుంట, ఇకిలిచ్చుకుంట మెట్లమీద ఉరికిండ్రు. సీన్మల జోకరు మాట్లాడినట్టు అనుకుంట. నా కొడుకు మొఖం నల్లగైంది. నన్ను పక్కకు తీస్కపోయి, అవ్వా, ఇక్కడ నువ్వు మాట్లాడకు అన్నడు. గప్పటిసంది నేను పరాయోళ్ళ ముంగట నోరు దెరవలె. ఇరవై ఏండ్లాయె."

 నేను మైకును ఆమె నోటికి ఇంకాస్త దగ్గరగా పెట్టాను. ఆమె రొట్టెను పెనం మీద వేసి, చేతికి తడి అద్దుకుంది.

"వాందేం తప్పు లేదు. నన్ను ఒక్కనాడు నవ్విండ్రు, వాణ్ని రోజు నవ్వుతుండిరి. రోజు నవ్వుతుంటె వాడు గక్కడ ఎట్ల ఉన్నడో, ఎట్ల సదివిండో నేను అడగలె. నన్ను మాట్లాడకన్నడని అలిగి ఊకున్న. బిడ్డా, నీకు ఎంత నొప్పైంది అని అడగాలె గద తల్లి. అడగలె. గిప్పుడు అడుగుతున్న."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. నా తండా బడిలో పిల్లలు ఇంటి భాషలో ఏదైనా చెప్పబోతే "తెలుగుల చెప్పు" అని నేనూ గద్దించినదాన్నే. వాళ్ళ ముఖాలు ఎట్లా మాడిపోయేవో ఆ నిమిషంలో గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ రాత్రి తొర్రూరంతా కేబుల్లో ఆమెను చూసింది. వాడ ఆడవాళ్ళు వచ్చి టీవీ ముందు కూర్చుని, తమ తమ మొఖాలు కనబడినప్పుడల్లా ఒకరినొకరు పొడుచుకున్నారు. అత్తమ్మ గుంజ చాటు నుంచి చూసింది. అందరూ పోయాక నా దగ్గరికి వచ్చి, "గది వాడు సూడాలె" అంది.

"వచ్చినప్పుడు చూస్తరు గద అత్తమ్మా, కంప్యూటర్ల ఉంచుత."

"వచ్చినప్పుడు నేను ఇంట్ల ఉంట గద. నా ముంగట వాడు తలెత్తి సూస్తడా? దూరముండి సూడాలె. నువ్వు ఫోన్ల జెప్పకు, నేను జెప్ప. ఫోన్ల జెప్తె మందలిచ్చినట్టు ఉంటది. నా మొఖం సూసుకుంట వినాలె."

అది నిజమే అనిపించింది. వెంటనే ఒకటో నంబరు సీడీ తీసి రాయడానికి కూర్చున్నాను. స్టూడియో ఆయన ఇచ్చిన వీడియో గంటకు పైన ఉంది, ఒకటే ఫైలు. ముక్కలు చేయడం నాకు రాదు. సీడీ అంచులదాకా నిండింది. ఇంట్లో పెట్టి చివరిదాకా చూశాను, చక్కగా ఆడింది. మర్నాడు పాల వ్యాను ఎక్కింది.

సాయంత్రం ఆయన ఫోను. గొంతు మామూలుగా లేదు. "చూసిన. నడుమ ఆగింది."

"యాడ ఆగింది?"

"నువ్వు మాట్లాడకు అన్నడు, అన్న కాడ."

నా ప్రాణం ఉసూరుమంది. పాటలన్నీ ఆడి, ఉపన్యాసాలన్నీ ఆడి, సరిగ్గా నింద దగ్గర ఆగింది. అసలు మాట దాని తరువాతే కదా. "ఇంక ఉన్నది, మల్ల పంపుత, మొత్తం వినుండ్రి" అన్నాను. "ఏముంటదో నాకు తెల్వదా" అన్నారాయన. "మీ గురించి మంచిగనే చెప్పింది" అన్నాను. సముదాయిస్తున్నానని అనుకున్నారు, నా మాట నమ్మలేదు. అత్తమ్మ ఫోను తీసుకునేసరికి మీటింగుకు టైమైందని పెట్టేశారు. ఆ తరువాత రెండు రోజులు ఆమె ఎప్పుడు మాట్లాడబోయినా ఆయనకు మీటింగే.

ఇక నాకు పంతం పట్టింది. రెండో సీడీకి వేగం తగ్గించి రాశాను. నెమ్మదిగా రాస్తే లోతుగా పడుతుందని నా నమ్మకం, దస్తూరీ లాగా. ఇంట్లో ఆడింది. జనగామలో అదే చోట ఆగింది. మూడో సీడీని పైపైన కాకుండా మొత్తంగా చెరిపాను. దానికి ఓ గంట పట్టింది, మధ్యలో కరెంటు పోయి మళ్ళీ మొదటి నుంచి చెరిపాను. రాశాక డిస్కును మూశానో లేదో రెండుసార్లు చూసుకున్నాను. ఇంట్లో భేషుగ్గా ఆడింది. జనగామలో అక్కడే ఆగింది.

"మీ ప్లేయరే ఖరాబైంది" అన్నాను ఫోన్లో.

"పాటల సీడీలు మంచిగ ఆడుతున్నయి గద గిదే ప్లేయర్ల. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ కథ."

అప్పుడే మొదటి సీడీ వ్యానులో తిరిగొచ్చింది. వెలుతురులో పెట్టి చూశాను. మెరిసే వైపు, అంచుకు దగ్గర, పచ్చగా ఎర్రగా ఏదో మరక. గుండ్రంగా రుద్దినట్టు గీతలు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటనే ఫోను చేసి, "మామిడి తొక్కు కలుపుకున్న చేత్తోనే సీడీ పట్టుకుంటున్నరా?" అని అడిగాను.

"నేను చెయ్యి కడుక్కుంట. గది నీ పాల వ్యాను దుమ్ము. లుంగీతోని తుడిసే పెట్టిన."

"లుంగీతోనా? సీడీని నడుమకెల్లి అంచుకు తుడవాలె, తిరగలి తిప్పినట్టు తిప్పుతరా? పిల్లలకేం పాఠం చెప్తున్నరో."

పాఠం చెప్పేది తెలుగనీ, సీడీలు తుడవడం కాదనీ ఆయన అన్నారు. వాదన ఎంతసేపు సాగిందంటే, ఫోన్లో పైసలు అయిపోయి అదే ఆగింది. మిగతా రెండూ తిరిగొచ్చాక మూడు సీడీలనూ సబ్బునీళ్ళతో కడిగి, మెత్తటి పాత ధోవతి ముక్కతో అద్దాను. మరకలు పోయాయి, గీతలు పోలేదు.

మర్నాడు అత్తమ్మ అన్నం ముందు కూర్చుని తినలేదు. "ఇగ పంపకు బిడ్డా" అంది. "పాటలు పోతున్నయి, అందరి మాటలు పోతున్నయి. నాది ఒక్కటే పోతలేదు. గది పోవద్దనే ఉన్నట్టుంది. నా నోరే గసుమంటిది."

 ఇరవై ఏళ్ళకు నోరు తెరిస్తే, ఒక ముష్టి సీడీ ఆమెను మళ్ళీ మూయించేట్టుంది. కొడుకు సగం మాటే విని అక్కడ కుమిలిపోతున్నాడు, తల్లి ఇక్కడ తన నోటినే తిట్టుకుంటోంది. "పోతది అత్తమ్మా, ఎట్ల పోదో నేను జూస్త" అన్నాను. ఎట్లా పోతుందో నాకేమీ తెలియదు.

కేబుల్ ఆఫీసు కోసం ఉంచుకున్న నాలుగో సీడీ ఒక్కటే ఏ గీతా లేకుండా ఉంది. దాంట్లో రాద్దామంటే ఆ రాత్రంతా కరెంటు లేదు. తెల్లవారుజామున వచ్చింది. ఫ్యాను తిరిగిన చప్పుడుకు లేచి, గుడ్డ కూడా మడతపెట్టకుండా రాయడం మొదలుపెట్టాను. పూర్తయ్యేసరికి వాకిట్లో హారన్. వేడివేడి సీడీని కవర్లో పెట్టి అత్తమ్మ చేతికిచ్చి, మొఖం కడుక్కుందామని పెరట్లోకి నడిచాను. చెంబు వాకిట్లో ఉందని గుర్తొచ్చి వెనక్కి తిరిగాను.

అత్తమ్మ దేవుని గూడు ముందు నిలబడి ఉంది. సీడీ కవర్లోంచి బయటికి వచ్చింది. ఎడమ అరచేతిలో దాన్ని మెరిసే వైపు పైకి పెట్టుకుని, కుడిచేతి ఉంగరపు వేలితో తడి పసుపు తీసి, అంచుకు దగ్గర ఇంత బొట్టు పెట్టింది. దాని మీద కుంకుమ అద్దింది. కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది. తరువాత జాగ్రత్తగా కవర్లోకి దోపింది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో నాకు ఆ క్షణంలో అర్థమైంది.

"అత్తమ్మా, ఏం జేస్తున్నవ్?"

"బొట్టు వెడ్తున్న. ఊరు దాటి పోయేదానికి బొట్టు వెట్టకుంట పంపుతరా?"

"అన్నిటికీ పెట్టినవా?"

"జనగామ పోయేటి అన్నిటికి వెట్టిన. కేబులాయనకు ఇచ్చేది ఊర్లనే ఉంటది గద, దానికెందుకు?"

"మరి గీ దిక్కే ఎందుకు? అంకె ఏసిన దిక్కు పెట్టొచ్చు గద."

ఆమె నన్ను అమాయకురాలిని చూసినట్టు చూసింది. "అద్దం లెక్క మెరిసేది మొఖం. అంకె ఏసింది ఈపు. బొట్టు మొఖానికి వెడ్తరా, ఈపుకు వెడ్తరా? నడుమ తొర్ర నోరనుకో, దాని మీద నొసలు. గాడ వెట్టిన."

సీడీలో రాత నడుమ నుంచి మొదలై అంచు వైపు పోతుంది. పాటల సీడీలు సగమే నిండేవి, రాత నొసటిదాకా వచ్చేదే కాదు. ఈ వీడియో అంచుదాకా నిండింది, సరిగ్గా కొడుకు మాట బొట్టు కిందికి వచ్చింది. నేను చెక్ చేసేది బొట్టుకు ముందు, ఆయన చూసేది బొట్టుకు తరువాత. నేను అక్కడే గడప మీద కూలబడి నవ్వాను. కోపం రావాలి, నాకు కోపం తొందరగా వస్తుంది కూడా, ఆరోజు మాత్రం రాలేదు. వాకిట్లో పాల వ్యాను అన్న హారన్ కొడుతూనే ఉన్నాడు, నాకు నవ్వు ఆగదు.

విషయం చెప్పేసరికి అత్తమ్మ మొఖం చిన్నబోయింది. "నేనే పాడుజేసిన్నా?" అంది. మరుక్షణం అదే మొఖం తేటపడింది. "అయితె నా మాటకు ఏం గాలె గద?"

"నీ మాటకేం గాలె. నీ బొట్టే అడ్డం నిలవడ్డది."

"మంచిగాయె" అని పెద్దగా ఊపిరి పీల్చుకుంది. అయినా బొట్టు లేకుండా పంపడానికి ఒప్పుకోలేదు. దారిలో ఎన్ని పొలిమేరలున్నాయో నాకు తెలుసా అంది. కవరు మీద పెట్టమన్నాను. రుమాలు మీద బొట్టు పెట్టినట్టు ఉంటుందంది. వ్యాను అన్న లోపలికి వచ్చి పాలు విరిగితే తన పూచీ కాదన్నాడు.

చివరకు మార్కర్ తీసుకున్నాను. మెరిసే వైపు పసుపును దూదితో నడుమ నుంచి అంచుకు తుడిచి, సీడీని తిరగేసి, నాలుగంకె పక్కన రెండు కళ్ళూ, ఒక ముక్కూ, రెండు కనుబొమలూ గీశాను. "ఇగ మొఖం గిదే. అటు దిక్కుది ఈపు" అన్నాను. అత్తమ్మ దాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. "కనుబొమ ఒకటి మీదికి పోయింది" అని వంక పెట్టి, నొసటి మీద తృప్తిగా బొట్టు పెట్టింది. ఆరిందాకా నోటితో ఊదాను. వ్యాను అన్న దాన్ని పాల క్యాన్ల మధ్య పెట్టకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆయనకు ఫోను చేసి, "ఇది ఆఖరుసారి. లుంగీ ముట్టియ్యకుండ్రి. గదిల ఒక్కరే కూసొని చూడుండ్రి" అన్నాను. సరే అన్నారు, ఆ సరేలో ఉత్సాహం ఏమీ లేదు.

మధ్యాహ్నమైంది, ఫోను రాలేదు. నేనే చేద్దామంటే అత్తమ్మ వద్దంది. ఉల్లిగడ్డలు ఏరింది. ఏరినవాటినే మళ్ళీ ఏరింది. మూడింటికి "మల్ల ఆగినట్టుంది" అంది. నాలుగింటికి "సూసుండడు" అంది. ఐదింటికి ఏమీ అనలేదు, నాకు అదే ఎక్కువ భయం వేసింది.

పొద్దుగుంకేవేళకు మోగింది. వెనక జనం, మైకు గోల. స్పీకర్ పెట్టాను.

"ఆడింది" అన్నారాయన. "మొత్తం ఆడింది. పొద్దున్నే గదిల చూసిన." వెనక గోలకు గొంతు పెంచారు. "ఇప్పుడు టెంటుల గూడ ఏసిన. టీవీ పెట్టిచ్చి, అందరి ముంగట ఏసిన."

"ఒక్కరే చూడుమన్న గద" అన్నాను.

"మాట్లాడకు అని అవ్వకు ఎవ్వరు లేని కాడ చెప్పిన ఆనాడు. ఆమె మాత్రం నలుగుర్ల అడిగింది. నేను గదిల తలుపేసుకొని వింటె ఎట్ల?"

 అత్తమ్మ వంగి, ఫోనుకు దగ్గరగా మొఖం పెట్టింది. ఎంత నొప్పైందో చెప్పమని అడుగుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె గొంతు తగ్గించి, భయంగా అడిగింది.

"అందరి ముంగటనా? నిన్ను జూసి ఎవరన్న నవ్విండ్రా, బిడ్డా?"



"లేదవ్వా. ఎవరు నవ్వలె. పక్కన కూసున్నాయన లేసిపోయి నాకు నీళ్ళు తెచ్చిచ్చిండు."

"నీళ్ళిచ్చిండా" అంది అత్తమ్మ. కొంగుతో మొఖం తుడుచుకుని, ఫోను తన చేతుల్లోకి తీసుకుంది. "అయితె చెప్పు బిడ్డా. గక్కడ వాళ్ళు రోజు ఏమంటుండిరి?"

నేను స్పీకర్ తీసేసి, వాళ్ళిద్దరినీ వదిలి వాకిట్లోకి వచ్చాను. వాళ్ళు మాట్లాడుతూనే ఉన్నారు. గంట తరువాత కరెంటు పోయింది, లోపల చీకట్లో అత్తమ్మ నవ్వు వినబడింది.